టీ కా తాత్పర్యం

మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక గాజు భవనం ఏడో అంతస్తు. అక్కడి మీటింగు గదుల్లో చిన్నదాని గోడకున్న తెల్లబోర్డు మీద ఒక సోమవారం పొద్దున నాలుగు పాదాల పద్యం కనిపించింది. నీలం మార్కరు రాత. కింద ఎర్ర మార్కరుతో, ఇంకెవరి చేతివాటమో, 'డు నాట్ ఇరేజ్' అని శాసనం. హౌస్‌కీపింగ్ అమ్మ స్ప్రే సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి, "సార్, దీన్ని తుడ్వాల్నా, ఉంచాల్నా?" అంది. ఆమెకు ఇంగ్లీషు శాసనం చదవరాదు. మిగతావాళ్ళకు తెలుగు పద్యం చదవరాదు. రెండూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే దొరికాను కాబట్టి ఉంచమన్నాను.

తెలుగు ఎమ్మే చదివి ఈ ఊళ్ళో నేను చేసే కొలువేమిటంటే, ఫోన్ తెర మీద 'క్యాన్సిల్' ఉన్నచోట 'రద్దు' పెట్టాలా 'వద్దు' పెట్టాలా అని తేల్చడం. అలాంటివాడికి వ్యాఖ్యానించదగ్గ మూలం ఒకటి, అదీ ఆఫీసు వేళల్లో, దొరకడం పూర్వజన్మ సుకృతం. కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి కూడా ఈ చుట్టుపక్కలవాడే, మెదక్ దగ్గర కొల్చారం ఆయన ఊరంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటాను. రెండోది ఐటీ ఉద్యోగి పెట్టుకునేది కాదు.

మూలం:

కోటనీడలోన గోల్ఫు బంతాడెడి
పోటి పట్టు విడిచి పోయె నేఁడు
రాళ్ళు లేచిపోవ రాలేదు దిగులింత
బంతి పోవనేల బాధ మనకు

ఛందస్సు: ఆటవెలది. ఆటను గురించిన పద్యానికి వేరే ఛందస్సు ఎందుకు? మత్తేభంలో రాయవచ్చు గానీ గోల్ఫు కోర్సులోకి ఏనుగును తోలినట్టవుతుంది, పచ్చిక మిగలదు. మొదటి పాదంలో 'కో'కూ 'గో'కూ యతి. కోటకూ గోల్ఫుకూ నేలమీద ఎప్పుడు పొత్తు కుదురుతుందో, ఎప్పుడు చెడుతుందో పురావస్తు శాఖకే తెలియాలి. ఛందస్సులో మాత్రం మొదటి దెబ్బకే కుదిరింది.

పాఠ నిర్ణయం: మూడో పాదం మొదటి అక్షరం దగ్గర ఎవరో వీపు ఆనించినట్టున్నారు, సగం చెరిగింది. టెస్టింగ్ టీములోని కుర్రాడొకడు దాన్ని 'వాళ్ళు' అని చదివాడు. "అన్నా, ఇది గోల్ఫు గురించి కాదే. పోయిన నెల పై అంతస్తుల కెల్లి లేచిపోయిన వాళ్ళ గురించి. ఎవనికన్నా దిగులైందా చెప్పు?" అన్నాడు. పాఠం రసవంతంగానే ఉంది. కానీ నాలుగో గణం 'రాలేదు' అని మొదలవుతోంది, దానికి యతి కుదరాలంటే ముందు 'రా' ఉండి తీరాలి. వకార రేఫలకు మైత్రి లేదు. కాబట్టి 'రాళ్ళు' అన్నదే సాధుపాఠం. వాడు ఒప్పుకోలేదు. "యతి పోతే పోనీ అన్నా, అర్థం కుదిరింది కదా" అన్నాడు. టెస్టింగువాళ్ళు ఇలా అనడం నేనెప్పుడూ వినలేదు.

కర్త, కాలం: కర్త పేరు లేదు. 'నేఁడు' అన్నచోట అరసున్న పెట్టాడు, కనుక యాభై దాటినవాడు. ఈ కారిడార్‌లో యాభై దాటి, ఉద్యోగంలో ఉండి, అరసున్న తెలిసినవాడు అంటే వెతకడం సులువే కావాలి. కానీ అలాంటివాళ్ళు తమ వయసును బయటపెట్టరు. కాలానికి పై హద్దు, కింది హద్దు రెండూ దొరుకుతున్నాయి. రాళ్ళు లేచిపోవడం చూశాడు కాబట్టి 1998 నవంబరు 22కు, అంటే వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుకు, తర్వాతివాడు. రెండో హద్దు 2025 ఏప్రిల్. దాని సంగతి 'దిగులు' దగ్గర చెబుతాను.

ఇక ప్రతిపదార్థం.

కోటనీడలోన = కోట యొక్క నీడ, షష్ఠీ తత్పురుషం, దానిలో. ఏ కోట? గోల్కొండ. అందులోనూ నయా ఖిల్లా. 1656లో మొగలుసేన మీద పడ్డాక, ఈశాన్యపు మిట్ట ఎక్కి శత్రువు మళ్ళీ ఫిరంగులు పేల్చకుండా అబ్దుల్లా కుతుబ్ షా ఆ మిట్ట చుట్టూ గోడ కట్టించి కోటలో కలిపేశాడు. ఇంటి ముందు ఖాళీ జాగా ఉంటే పక్కవాడు కారు పెడతాడని గేటు ముందుకు జరిపినట్టు. ఆ జాగాలో ఇవాళ హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ వారి కోర్సు ఉంది, గోల్కొండ మాస్టర్స్ పోటీ ఆడింది అక్కడే. మధ్యలో ముల్లా ఖయాలీ మసీదు, ముస్తఫా ఖాన్ మసీదు, ఒక పక్కన హాతియాఁ కా ఝాడ్. అది ఆఫ్రికా నుంచి వచ్చిన బావొబాబ్ చెట్టు. 400 ఏళ్ళ పైబడినదంటారు, మొదలు చుట్టుకొలత 25 మీటర్లకు తక్కువ లేదు, బోదెలో తొర్ర ఉంది. బంతి ఆ వైపు పోతే దాన్ని మరిచిపోవడం మంచిది.

ఇక్కడొక శంక. కోట నీడ అన్నాడే, గోల్ఫు ఆడే చోట కోట గోడ నీడ ఎంతసేపు పడుతుంది? పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. సమాధానం ఏమంటే, ఇక్కడ నీడ అంటే ప్రాపు. పెద్దల నీడన బతికాం అంటాం కదా. గోల్ఫు అక్కడ కోట నీడన బతికింది, కోట కుతుబ్ షాహీల తోట నీడన బతికింది. 2014లో పురావస్తు శాఖవారు తవ్వితే ఆ తోట నీటికాలవలు మట్టికింది నుంచి బయటపడ్డాయి. ఈ పద్యంలో ఎవరు ఎవరి ఇంట్లో అద్దెకున్నారో తేల్చడం కష్టం అని ఇప్పటికే తెలుస్తోంది.

గోల్ఫు = కర్రతో చిన్న బంతిని కొట్టి దూరాన ఉన్న గుంటలో వేసే ఆట. మన చిర్రగోనెకు ధనవంతుడైన అన్న. స్కాట్లాండు పశులకాపరులు చేతికర్రలతో గులకరాళ్ళను కుందేటి బొరియల్లోకి కొట్టగా ఈ ఆట పుట్టిందని ఒక కట్టుకథ ఉంది. గోల్కొండ అంటే గొల్లకొండ అని మనకూ ఒక కథ ఉంది. అక్కడా గొల్లలే, ఇక్కడా గొల్లలే, అక్కడా గోల్, ఇక్కడా గోల్. ఈ వ్యుత్పత్తిని ఏ విశ్వవిద్యాలయమూ ఒప్పుకోదు. క్లబ్బు వరండాలో మాత్రం చెల్లుతుంది.

ప్రసంగవశాత్తు ఇంకో మాట. ఈ ఆటలో బంతిని నిలబెట్టే పుల్లను 'టీ' అంటారు. హైదరాబాదీలో 'కా' షష్ఠీ విభక్తి. కావున 'టీకా' అంటే టీకి సంబంధించినది అని అర్థం. నేను రాస్తున్నది మొదటి నుంచీ టీకాయే అని దీంతో సిద్ధించింది.

బంతాడెడి = బంతి + ఆడెడి, ఇకార సంధి.

పోటి = పోటీ. ఛందస్సు కోసం హ్రస్వం చేశాడు, కవిని క్షమించాలి. ఈ ఒక్క మాట దగ్గర వ్యాఖ్యాతలు చీలిపోయారు. మా క్యాంటీనులో నలుగురు కూర్చునే బల్ల దగ్గర మూడు పక్షాలు తేలాయి. ఏ పోటీ అన్నది ప్రశ్న.

మొదటి పూర్వపక్షం: మొయినుద్దౌలా గోల్డ్ కప్. పద్యంలో గోల్ఫు అని ఉండగా క్రికెట్టెక్కడిది అనవద్దు, హైదరాబాదులో ఏ ఆట గురించి మాట్లాడినా రెండో వాక్యంలో క్రికెట్టుకు చేరతాం. పాయెగా నవాబు మొయినుద్దౌలా పేరున 1930-31లో సికింద్రాబాద్ జింఖానాలో మొదలైన పోటీ అది. తర్వాత ఫతే మైదానానికి పోయింది, ఆ తర్వాత ఉప్పల్ వైపు పోయింది. దాని వెనకే పెద్ద క్రికెట్టూ పోయింది. ఫతే మైదానంలో జరిగిన టెస్టులు మూడే మూడు, 1955, 1969, 1988. మూడూ న్యూజిలాండ్‌తోనే. 1955లో అక్కడే పాలీ ఉమ్రీగర్ 223 కొట్టి, టెస్టుల్లో డబుల్ సెంచరీ చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో ఉప్పల్ స్టేడియంలో మొదటి టెస్టు పెడితే వచ్చిందెవరు? న్యూజిలాండే. ఇల్లు మారినా పాలవాడు మారలేదు. ఫతే మైదానం పేరైనా ఊరివాళ్ళు పెట్టింది కాదు. 1687లో గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించిన ఔరంగజేబు సేన దిగిన చోటు, గెలిచారు కాబట్టి ఫతే. అంటే మనం సంప్రదాయ గృహం అని కళ్ళు తుడుచుకుంటున్నది ఒక పాత సైనిక శిబిరం.

ఈ పక్షం చెప్పినవాడు ఉప్పల్‌లో ఉంటాడు. స్టేడియం మెట్రో స్టేషన్‌లో నీలం లైను ఎక్కి రాయదుర్గం దాకా వస్తాడు. 2019 నవంబరులో రాయదుర్గం స్టేషను తెరిచాక, క్రికెట్టు ఊరికి ఆ చివరకీ జీతాలు ఈ చివరకీ పోయినా రెంటినీ ఒకే పట్టా కలిపిందని అతని సంతోషం. మ్యాచ్ రోజున మాత్రం రైల్లో అతనికి నిలబడే చోటు కూడా ఉండదు.

రెండో పూర్వపక్షం: టెన్నిస్. హైదరాబాద్ ఓపెన్ అని 2003 నుంచి మూడేళ్ళు మహిళల అంతర్జాతీయ పోటీ జరిగింది. 2005 ఫిబ్రవరి 12న సానియా మీర్జా సొంత ఊళ్ళో అలోనా బొండారెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. మర్నాటి పేపర్లు దాచుకున్నవాళ్ళు నాకు తెలుసు. 2006కల్లా ఆ పోటీ బెంగళూరుకు పోయింది. పిల్ల గెలిచిన మరుసటి ఏడు పెళ్ళిపందిరి పక్కూరికి పోయినట్టు. ఐటీలో మనకూ బెంగళూరుకూ ఉన్న లెక్కలు అందరికీ తెలిసినవే. కంపెనీలను అటు నుంచి ఇటు తెచ్చుకోవడానికి అంత పాటుపడిన ఊరు, టెన్నిస్ ఇటు నుంచి అటు పోతుంటే పెద్దగా గమనించలేదు.

మూడో పక్షం: గోల్ఫు అంటే గోల్ఫే. ఇలా అన్నవాడు అమెరికాలో ఆరేళ్ళుండి వచ్చినవాడు. పోటీ పట్టు విడవడానికి ప్రమాణం ఓపెన్ ఛాంపియన్‌షిప్ అన్నాడు. 1860లో స్కాట్లాండులోని ప్రెస్ట్‌విక్‌లో ఎనిమిదిమందితో మొదలైంది. కోర్సుకు గుంటలు పన్నెండే. గెలిచినవాడికి కప్పు కాదు, తోలు పటకా. యంగ్ టామ్ మోరిస్ వరసగా మూడుసార్లు గెలిచి 1870లో ఆ పటకాను నిబంధన ప్రకారం ఇంటికి పట్టుకుపోయాడు. ఇవ్వడానికి ఏమీ మిగలక 1871లో పోటీయే జరగలేదు. తొలి పన్నెండు పోటీలూ ప్రెస్ట్‌విక్‌లోనే. 1873లో సెయింట్ ఆండ్రూస్‌కు పోయింది, అక్కణ్ణుంచి తిరుగుడే. 1892లో మరీ చిత్రం: ఆ ఏడు ముసెల్‌బరో వంతు. అక్కడ ఆడుకునే పెద్దమనుషుల క్లబ్బు మ్యూర్‌ఫీల్డ్‌లో కొత్త కోర్సు కట్టుకుని, సామాన్లతో పాటు పోటీని కూడా బండి ఎక్కించుకుని పోయింది. ప్రెస్ట్‌విక్‌లో ఆఖరిసారి జరిగింది 1925లో. జనం తొక్కిసలాటకు చోటు చాల్లేదు, అంతే. పుట్టిల్లు ఇరుకైంది. మన కొండాపూర్ రోడ్డు సంగతి తెలిసినవాడికి దీనికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

అదే మనిషి ఇంకొకటి కూడా చెప్పాడు. 2023 సెప్టెంబరులో మన తెలుగు దంపతుల కొడుకు సాహిత్ తీగల కాలిఫోర్నియాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు వాట్సాప్ గ్రూపులన్నీ మోగాయి కదా. ఆ పోటీ కూడా ఉన్నచోట ఉన్నది కాదు. 2007లో ఆరిజోనాలో పుట్టి, కాలిఫోర్నియాకు వచ్చి, అక్కడా మరోసారి చోటు మారి నాపాలోని సిల్వరాడోకు చేరింది. తల్లిదండ్రులూ ఊరు విడిచినవాళ్ళే, పోటీ కూడా ఊరు విడిచినదే, ఇద్దరూ సిల్వరాడోలో కలిశారు. ఇది విని బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు బిర్యానీలో ఉల్లిపాయ అడిగాడు.

సిద్ధాంతం: మూడూ చెల్లుతాయి. 'పోటి' అన్నది జాత్యేకవచనం. ఆవును పూజించవలెను అంటే ఒక ఆవును అని కాదు గదా.

పట్టు = స్థానం, ఉనికిపట్టు. శ్లేష వల్ల చేతిపట్టు కూడా. గోల్ఫులో అసలు కిటుకంతా పట్టులో ఉంది. ఆరుసార్లు ఓపెన్ గెలిచిన హ్యారీ వార్డన్ పేరున ఒక పట్టు ఉంది: కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి చూపుడు, మధ్యవేళ్ళ మధ్య సందు మీద ఆనాలి. చిటికెనవేలు ఇంత ముఖ్యమైన ఆట ఇంకొకటి లేదు. పట్టు విడిచి అంటే కర్ర జారిందని ఒక అర్థం, చోటు ఖాళీ చేసిందని ఒక అర్థం, పంతం విడిచిందని ఇంకొక అర్థం. మూడోదాని వెనక కమిటీ సమావేశాలుంటాయి కాబట్టి వ్యాఖ్యాత మౌనం వహిస్తున్నాడు.

పోయె నేఁడు = ఇవాళ వెళ్ళింది. 'పోయెన్ + ఏఁడు' అని విడదీస్తే ఏడాది గడిచిపోయింది అని వస్తుంది. అప్రైజల్ నెలలో ఈ పద్యం చదివినవాళ్ళంతా రెండో అర్థమే తీశారు.

రాళ్ళు = ఇక్కడ ఆగాలి.

హైదరాబాదు రాళ్ళ వయసు రమారమి 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల గడ్డకట్టిన గ్రానైటు, పైమట్టి కొట్టుకుపోగా బయటికి వచ్చి, ఎండకు పగిలి, వానకు మూలలు అరిగి గుండ్రాళ్ళయింది. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి గానీ ఎవరూ పేర్చలేదు. అడుగున ఉన్న బండ నుంచి అక్కడికక్కడే విడివడినవి. అంటే ఈ ఊళ్ళో అసలు పట్టు విడవనివారు ఎవరయ్యా అంటే అవే. వాటిని కాపాడండి అని 1996లోనే ఒక సంఘం పుట్టింది, సైబర్ టవర్స్ కంటే రెండేళ్ళు పెద్దది. పేరులోనే బండలు పెట్టుకున్న గోల్ఫు కోర్సు కూడా ఒకటి గచ్చిబౌలి, మణికొండల నడుమ ఉంది, బౌల్డర్ హిల్స్. పద్దెనిమిది గుంటలు, గుట్టల మధ్య పచ్చిక. అక్కడ బంతి బండకు తగిలి వెనక్కి వస్తే ఆటగాడు బండను తిట్టుకుంటాడు. తిట్టుకోవడానికైనా బండ మిగిలినందుకు ఆ కోర్సును మెచ్చుకోవాలి. చుట్టూ ఉన్న టవర్లలో ఆ భాగ్యం లేదు, రిసెప్షన్‌లో పాలిష్ పెట్టిన నల్లరాయి తప్ప, అదీ వేరే ఊరిదే.

లేచిపోవ = లేచి వెళ్ళిపోగా. కవి ఎంత గడుసువాడో చూడండి. తెలుగులో లేచిపోవడం అనే మాట ఇంట్లో చెప్పకుండా ఇష్టపడినవాడితో వెళ్ళడానికి వాడతాం. రాళ్ళు ఎవరితో లేచిపోయాయి? డైనమైటుతో. ముహూర్తం మధ్యాహ్నం, ఎర్రజెండా ఊపి, ఈల వేసి, ట్రాఫిక్ ఆపి. తర్వాత కంకర రూపంలో అదే రోడ్డు మీదికి తిరిగి వచ్చాయి. అందుకని పూర్తిగా వెళ్ళిపోయాయి అనడానికీ లేదు, మనం రోజూ వాటి మీదే హారన్ కొడుతున్నాం.

రాలేదు దిగులింత = ఇంత దిగులు రాలేదు. ఇక్కడే కాలనిర్ణయం. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలున్నాయి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని. 2004లో ఆటల పేరు మీదే వాటిని ఐఎంజీ భారత అనే సంస్థకు కేటాయించారు. 2006లో రద్దు చేశారు, వ్యవహారం 2024 దాకా కోర్టుల్లో నడిచింది. ఆ మధ్యకాలంలో ఆ నేల మీద ఆటలాడింది నెమళ్ళు, జింకలు. 2025 మార్చి ఆఖరున అక్కడికి యంత్రాలు వచ్చి చెట్లు కొట్టడం మొదలైతే విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పుడు దిగులు వచ్చింది, బాగానే వచ్చింది. కాబట్టి 'దిగులు రాలేదు' అన్న కవి అంతకుముందువాడై ఉండాలి, లేదా ఆ వారం సెలవు మీద ఉండాలి.

బంతి పోవనేల బాధ మనకు = పోవన్ + ఏల, బంతి పోతే మనకెందుకు బాధ? ఇది సులభార్థం. కానీ 'నేల'ను విడిగా తీసుకుంటే: బంతి పోగా, నేల బాధ మనకు. ఆట వెళ్ళిపోతే నేల పడే బాధ మన వంతుకు మిగులుతుంది. మొదటిది ఊరడింపు, రెండోది దానికి సరిగ్గా ఎదురు. నాలుగు మాటల్లో రెండూ ఇమిడ్చిన చేయి మామూలు చేయి కాదు. ఈ కవి ఏ ప్రాజెక్టులో ఉన్నాడో గానీ అక్కడి కోడ్‌లో కామెంట్లు బాగుంటాయని నా నమ్మకం.

నేల బాధ అంటే ఏమిటని మా కుర్రాడు అడిగాడు. గోల్ఫు పోటీ చోటు మారితే సభ్యుడికి పోయేదేమీ లేదు. కారు నావిగేషన్‌లో కొత్త పేరు కొడతాడు. కర్రల సంచి మోసే క్యాడీ ఉంటాడు చూడు, పక్క బస్తీ నుంచి నడిచి వచ్చేవాడు. ఏ గుంట దగ్గర నేల ఎటు వాలిందో, పొద్దుటి మంచుకు గడ్డి మీద బంతి ఎంత నెమ్మదిస్తుందో ఆటగాడికి చెప్పేది అతనే. ఆ తెలివంతా ఆ ఒక్క నేలకు సంబంధించినది. పాతికేళ్ళ చదువు కొత్తచోట ఒక్క గుంటకూ పనికిరాదు. అనుభవం బదిలీ అవదు, రెజ్యూమేలో రాయడానికీ ఉండదు. పద్యంలో క్యాడీ మాటే లేదు. లేనిదాన్ని వినిపించడాన్నే ఆలంకారికులు ధ్వని అన్నారు. మల్లినాథుడికి చేసిన ఒట్టు ఇక్కడ కొంచెం తప్పానేమో.

కుర్రాడు అంతా విని, "మరి నా 'వాళ్ళు' పాఠం కూడా అదే కదన్నా" అన్నాడు. నేను యతి అన్నాను. గట్టిగా అనలేకపోయాను.

అలంకారం: అర్థాపత్తి. దండాపూపికా న్యాయం అని దీనికి పేరు. కర్రకు గుచ్చిన బూరెలున్నాయి, కర్రనే ఎలుక తినేస్తే బూరెల గతి వేరే చెప్పాలా? అంత బరువైన రాళ్ళే పోతే దిగులు లేనివాళ్ళం, 45.93 గ్రాములకు మించకూడని బంతి పోతే ఏమవుతాం? దండం అంటే ఇక్కడ గోల్ఫు కర్ర. బూరెలు క్లబ్బులో దొరకవు, శాండ్‌విచ్ ఉంటుంది.

తాత్పర్యం: కోట పక్కన ఆడుతూ వచ్చిన గోల్ఫు పోటీ ఇవాళ వేరేచోటికి పోయింది. రాళ్ళు పోయినప్పుడు పట్టించుకోనివాళ్ళం, ఇప్పుడు దీనికి ఏడవడమేమిటని కవి అడుగుతున్నాడు. అడుగుతూనే తానూ ఏడుస్తున్నాడు.

ఉత్తరపీఠిక: మా టీము వచ్చే నెల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మారుతోంది. కుర్చీలు వస్తున్నాయి, మానిటర్లు వస్తున్నాయి. బోర్డు గోడకు బిగించి ఉంది కాబట్టి రాదు. హౌస్‌కీపింగ్ అమ్మ ఈ భవనం కాంట్రాక్టు మనిషి, ఆమె కూడా రాదు. నిన్న సాయంత్రం మళ్ళీ అడిగింది, "మీరు పోయినంక ఏం జెయ్యాలె సార్, తుడ్వాల్నా?" ఫోటో తీసుకున్నాను గానీ జవాబు చెప్పలేదు.

ఇది శ్రీమన్మాదాపుర సప్తమాంతస్తు నివాసియు, రద్దు వద్దు వివేక విశారదుండును, బండ్లగూడ షేర్ ఆటో సహపాఠియు నగు నామరహిత వ్యాఖ్యాతచే, బయోడైవర్సిటీ కూడలి ఎర్రదీపంబు కడ నలుబదిమూడు నిమిషంబుల వ్యవధిలో విరచితంబైన టీ కా తాత్పర్యంబను వ్యాఖ్యయందు ఏకైకాశ్వాసము, డు నాట్ ఇరేజ్.